తాళంచెవి ఎవరి దగ్గర?

మా తోడల్లుడికి చందానగర్‌లో చిన్న నగల దుకాణం ఉంది. చిన్నదంటే చిన్నదే. ముందు గదిలో నాలుగు అద్దాల బల్లలు, వెనక గదిలో ఒక ఇనప్పెట్టె, పనికి ఇద్దరు కుర్రాళ్లు. పోయిన ఆదివారం పొద్దున్నే మదీనాగూడలో మా ఇంటికి సకుటుంబంగా వచ్చాడు. పెసరట్టు రెండో వాయి దిగేదాకా ఏమీ మాట్లాడలేదు. తర్వాత అల్లం చట్నీ గిన్నె నావైపు జరుపుతూ అడిగాడు.

"అన్నయ్యా, రివాల్వర్ మంచిదా? పిస్టల్ మంచిదా?"

పేపర్లో వారం వారం నాలుగు ముక్కలు రాసేవాడికి లోకంలోని సంగతులన్నీ తెలుసని చుట్టాలకో నమ్మకం. అంతకుముందు వచ్చినప్పుడు వాషింగ్ మెషీన్ గురించి అడిగాడు. ఇప్పుడూ అదే గొంతుతో అడిగాడు. వంటింట్లోంచి మా మరదలు ఓసారి తొంగిచూసింది కానీ ఏమీ అనలేదు.

నవ్వి ఊరుకోవచ్చు. కానీ అతని భయం ఉత్తుత్తిది కాదు. 2023 ఆగస్టు 23 రాత్రి మా మదీనాగూడలోనే ఒక రెస్టారెంటు జనరల్ మేనేజరును, పని ముగించుకుని బయటికి వచ్చిన వేళ, నాటు తుపాకీతో కాల్చి చంపారు. రోజూ వందల మంది భోజనానికి ఆగే రోడ్డది. తర్వాత పోలీసులు పట్టుకున్నది అక్కడే ఆయనతో కలిసి పనిచేసిన మనిషిని. 2025 ఆగస్టు 12న చందానగర్‌లో పేరున్న ఓ నగల దుకాణంలోకి పట్టపగలు ముసుగు దొంగలు జొరబడ్డారు. లాకరు తాళాలు అడిగారు. ఇవ్వకపోయేసరికి అక్కడి ఉద్యోగి కాలి మీద కాల్చారు. చేతికందిన వెండి వస్తువులు మూటగట్టుకుని పోయారు. అదే ఏడాది ఫిబ్రవరి 1న గచ్చిబౌలిలో ఒక పబ్బు దగ్గర పాత నేరస్థుణ్ని పట్టుకోబోయిన పోలీసుల మీదే కాల్పులు జరిగాయి. ఓ హెడ్ కానిస్టేబుల్ గాయపడ్డారు. ఇవన్నీ మా తోడల్లుడి షట్టరుకు ఎంతో దూరం కాదు. రాత్రి తొమ్మిదిన్నరకి షట్టరు దించి, చేతిసంచీతో స్కూటరెక్కే మనిషికి గుండె దడదడలాడిందంటే తప్పెవరు పట్టగలరు?

అందుకని ఈ వారం అతనికి చెప్పిన జవాబే మీకూ చెబుతాను. ఇలాంటి ఆలోచన వచ్చినవాడు అతనొక్కడే అయ్యుండడు.

మొదట కొనగలిగినవేమిటో చూద్దాం. సినిమాల్లో హీరో నడుము వెనకనుంచి తీసే నల్లటి పిస్టళ్లలో ఎక్కువభాగం 9 ఎం.ఎం.వి. అవి మన దేశంలో నిషిద్ధ బోరు. సామాన్య పౌరుడికి మామూలుగా లైసెన్సు దొరకదు. .38, .45 కూడా అంతే. 1980ల నడుమ నుంచి సామాన్యులు విదేశీ తుపాకులు దిగుమతి చేసుకునే దారి కూడా మూసుకుపోయింది. పేరున్న క్రీడాకారులకు మాత్రం పోటీల కోసం వెసులుబాటు ఉంది. ఇక అమెరికాలో ఉన్న మేనల్లుడు ఫోన్లో వర్ణించి చెప్పే మోడళ్లన్నీ మనకు కథలే. ఆత్మరక్షణకని చేతిలో ఇమిడే తుపాకీ కావాలంటే మనకు మిగిలేది ముఖ్యంగా .32 బోరు.

అందులో పేరు వినిపించేవి కొన్నే. కాన్పూరు ఆయుధ కర్మాగారం నుంచి 2014 జనవరిలో 'నిర్భీక్' వచ్చింది. ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాత, ఆడవాళ్ల చేతిసంచీలో ఇమిడేలా, సుమారు అరకిలో బరువుతో చేశామన్నారు. ధర అప్పట్లోనే లక్షా ఇరవై వేలు దాటింది. ఏ ఆడపిల్లల కోసమన్నారో ఆ ఆడపిల్లల్లో ఎందరు కొనగలరని అప్పుడే జనం అడిగారు. 2023లో కాన్పూరు నుంచే 'ప్రబల్' వచ్చింది. ఇది ఏడొందల గ్రాములు. పాత రివాల్వర్లను మధ్యకు వంచి తెరిచి గుళ్లు వేయాలి, దీని సిలిండరు పక్కకు తెరుచుకుంటుంది. ఇంగ్లండు కంపెనీ వెబ్లీ పేరుతో ఉత్తరప్రదేశ్ హర్దోయ్ జిల్లాలో 2020 నుంచి .32 రివాల్వర్లు తయారవుతున్నాయి. పిస్టల్ కావాలంటే 'అశని' వంటివి ఉన్నాయి.

ఇక రివాల్వరా, పిస్టలా? ఇది చెప్పగలిగిన సంగతే. రివాల్వర్లో గుండ్రంగా తిరిగే సిలిండరులో ఆరు గుళ్లుంటాయి. ఒక గుండు పేలకపోతే మళ్లీ ట్రిగ్గరు నొక్కితే చాలు, తర్వాతి గది ముందుకొస్తుంది. నిండుగా ఉందా, ఖాళీగా ఉందా అన్నది తెరిచి చూస్తే తెలుస్తుంది. తెలియనివాడికి, అప్పుడప్పుడూ మాత్రమే చేత్తో పట్టేవాడికి ఇదే తేలిక. పిస్టల్ పల్చగా ఉంటుంది, నడుముకు అంటిపెట్టుకుని ఉంటుంది, గుళ్లు కాస్త ఎక్కువ పడతాయి. కానీ పై భాగాన్ని వెనక్కి లాగి గుండును లోపలికి పంపాలి, సేఫ్టీ మీట గుర్తుండాలి, ఖాళీ గుల్ల మధ్యలో ఇరుక్కుంటే దాన్ని వదిలించడం తెలియాలి. అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటి. మ్యాగజైన్ తీసేసి, 'ఖాళీ చేశాను' అనుకుంటారు. గొట్టంలో ఒక గుండు మిగిలే ఉంటుంది. ఇంకో మాట, రివాల్వరుదీ పిస్టలుదీ రెండూ .32 అన్నంత మాత్రాన గుళ్లు ఒకటి కావు. ఒకదానివి ఇంకోదానికి పనికిరావు.

బరువు తక్కువైతే మంచిదనుకుంటాం. సంచీలో మోయడానికి మంచిదే. కాల్చినప్పుడు మాత్రం తేలికదే చేతిని ఎక్కువ ఎగదన్నుతుంది. పొట్టి గొట్టం దాచుకోవడానికి బాగుంటుంది కానీ గురి చూడటం కష్టం. అందుకే తెలిసినవాళ్లు బొమ్మ చూసి కొనొద్దంటారు. పిడి మీ గుప్పిట్లో నిండుగా ఇమడాలి. చూపుడు వేలి మొదటి కణుపు ట్రిగ్గరుకి సాగదీయకుండా అందాలి. చెప్పులు కొన్నట్టే ఇదీనూ, పక్కింటాయనకు సరిపోయింది మనకు సరిపోవాలని లేదు.

ఇంతవరకు చెప్పేసరికి మా తోడల్లుడి మొహం వికసించింది. "అయితే రివాల్వరే ఖాయం చేద్దాం అన్నయ్యా" అన్నాడు. కొట్టువాడు కదా, వస్తువు ఎంపికైతే బేరం అయిపోయినట్టే. అసలు బేరం అక్కడే మొదలవుతుందని చెప్పాను.

1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ దగ్గరుంచుకోవడమే నేరం. 2019లో చట్టం సవరించాక దానికి కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా అయిదేళ్లు జైలు. ముందు లైసెన్సు, తర్వాతే దుకాణం. మా వైపు వాళ్లకు లైసెన్సు ఇచ్చేది సైబరాబాద్ పోలీసు కమిషనరు. 21 ఏళ్లు నిండాలి. దరఖాస్తు పెట్టాక స్థానిక పోలీసులు విచారిస్తారు. పాత కేసులున్నాయా, ఇరుగుపొరుగుతో గొడవలున్నాయా అన్నీ ఆరా తీస్తారు. 2016 ఆయుధ నిబంధనల తర్వాత ఇంకో మూడు మెట్లు కలిశాయి. మనసూ శరీరమూ బాగున్నాయని డాక్టరు సర్టిఫికెట్, ఆయుధం జాగ్రత్తగా వాడటంలో శిక్షణ పొందినట్టు మరో సర్టిఫికెట్, ఇంట్లో భద్రంగా దాచుకుంటానని హామీ. వీటన్నిటికన్నా ముందు అసలు ప్రశ్న ఒకటుంది. మీ ప్రాణానికి ఉన్న ముప్పేమిటి? 'రోజులు బాగోలేవండీ' అన్నది జవాబు కాదు. మీకు, ప్రత్యేకంగా మీకు, ఉన్న ప్రమాదాన్ని చూపించాలి. ఆస్తి లేదన్న ఒక్క కారణంతో ఎవరికీ లైసెన్సు నిరాకరించకూడదని చట్టంలో ఉంది. అలాగని ఆస్తి ఉన్నంత మాత్రాన ఇచ్చి తీరాలనీ లేదు. కాదంటే అప్పీలుకు వెళ్లొచ్చు. ఇస్తే అయిదేళ్లకి ఇస్తారు, తర్వాత మళ్లీ పునరుద్ధరణ.

లైసెన్సు ఎవరి పేరు మీదుంటే ఆయుధం వారిదే. "నేను ఊరెళ్లినప్పుడు కౌంటరు కుర్రాడికి ఇచ్చి వెళ్తాను" అంటే కుదరదు. అది దుకాణం తాళంచెవి కాదు.

ఇక దాన్ని వెంట తీసుకెళ్లడం. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో తుపాకీ కనిపించేట్టు పెట్టుకుని తిరగొచ్చు, దాచుకుని తిరగడానికి కొన్నిచోట్ల వేరే పర్మిట్ కావాలి. మన దగ్గర ఆ రెండు దారులు లేవు. 2016 నిబంధనల ప్రకారం బహిరంగ స్థలంలో చేతి తుపాకీ ఒంటికి కట్టిన ఒరలోనో, దానికోసమే చేసిన సంచీలోనో ఉండాలి. పూర్తిగా కప్పి ఉండాలి. ఎప్పుడూ మన అదుపులో ఉండాలి. స్కూటరు డిక్కీలో పడేసి కాఫీకి వెళ్లడం అదుపు కాదు. బయటికి తీసి ఝళిపించడం నిషేధం. తాగి మోయడం నిషేధం. జాతరకు, మత ఊరేగింపుకు, బహిరంగ సభకు, స్కూలు కాలేజీ ఆవరణలోకి తీసుకెళ్లకూడదని లైసెన్సు షరతుల్లోనే ఉంటుంది. ఎన్నికలొస్తే పోలీసులు అడిగిన వెంటనే స్టేషన్లో జమ చేయాలి. పోతే తక్షణం ఫిర్యాదు చేయాలి. పెళ్లి బరాత్‌లో సరదాకి గాల్లోకి కాల్చి ఎవరి ప్రాణాలమీదికో తెస్తే 2019 సవరణ తర్వాత రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ.

అప్పుడు నేనతన్ని ఒక చిన్న ప్రశ్న అడిగాను. "రాత్రి షట్టరు దించుతున్నావు. రెండు చేతులూ కిందికి ఉన్నాయి. వెనకనుంచి ఎవడో వచ్చాడు. ఎన్ని సెకన్లలో తీస్తావు?"

దీనికి పాత లెక్క ఒకటి ఉంది. అమెరికాలో సాల్ట్‌లేక్ సిటీ పోలీసు శిక్షకుడు డెనిస్ టుల్లర్ 1980లలో చేసి చూపించాడు. కత్తి పట్టుకున్న మనిషి 21 అడుగుల దూరం నుంచి పరుగెత్తుకొచ్చి మీద పడటానికి సుమారు ఒకటిన్నర సెకను చాలు. శిక్షణ పొందిన పోలీసు ఒరలోంచి తీసి గురిపెట్టి కాల్చడానికీ దాదాపు అంతే పడుతుంది. 21 అడుగులంటే మా తోడల్లుడి దుకాణం పొడవుకన్నా ఎక్కువే. అది కూడా ఎదురుగా వచ్చేవాడి సంగతి. వెనకనుంచి వచ్చేవాడికి ఏ లెక్కా లేదు. పోలీసు తుపాకీ నడుం మీద పైకే ఉంటుంది. మనది చట్టప్రకారం పూర్తిగా కప్పి ఉండాలి. చొక్కా ఎత్తాలి, ఒర బొత్తాం విప్పాలి, తీయాలి, చూడాలి, వెనకాల ఎవరైనా ఉన్నారేమో ఆలోచించాలి. చందానగర్ మెయిన్ రోడ్డులో రాత్రి తొమ్మిదిన్నరకు వెనకాల ఎవరూ లేకపోవడమన్నది ఉంటుందా? బస్సు కోసం నిలబడ్డవాళ్లు, పానీపూరీ బండి దగ్గర పిల్లలు. తప్పిన గుండు గాలిలో కలిసిపోదు. ఎక్కడో ఒకచోట ఆగుతుంది.

గురి అనేది వస్తువుతో పాటు ఇచ్చేది కాదు. మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో పిస్టల్ పోటీల్లో నాలుగు పతకాలు తెచ్చింది. మన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో రైఫిల్‌తో కాంస్యం గెలిచాడు. వాళ్లు చిన్నతనం నుంచి రోజుకు గంటల తరబడి రేంజిలో గడిపితే వచ్చిన చేయి అది. అదీ కదలని గురి మీద, ఎవరూ తిరిగి కాల్చని చోట. ఏడాదికోసారి లైసెన్సు కాగితం దులుపుకునే మనిషి చేయి, గుండె గొంతులోకి వచ్చిన క్షణంలో, ఎలా ఉంటుందో ఆలోచించండి. గచ్చిబౌలిలో మంచి షూటింగ్ రేంజి ఉంది. తుపాకీ సంగతి ఆలోచించేవాళ్లు మొదట అక్కడికి వెళ్లి, కాల్చడం అంటే ఏమిటో చూసి రండి. కొందరికి అక్కడే మనసు మారుతుంది.

సరే, తీశాం, కాల్చాం అనుకుందాం. తర్వాత? ఆత్మరక్షణ మన హక్కే. 2024 జులై 1 నుంచి పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా ఉన్న సెక్షన్లు దాని గురించే. ప్రాణం పోతుందని, తీవ్రంగా గాయపడతామని, అత్యాచారం జరుగుతుందని, యాసిడ్ పోస్తారని నిజంగా భయపడాల్సిన దాడి జరిగితే ఎదుటివాడి ప్రాణం తీయాల్సి వచ్చినా అది నేరం కాదని 38వ సెక్షను చెబుతుంది. దోపిడీ, రాత్రిపూట ఇల్లు బద్దలుకొట్టి రావడం వంటి వాటికి 41వ సెక్షను ఉంది. కానీ వాటన్నిటి ముందు 37వ సెక్షను కాపలా ఉంది. రక్షణకు ఎంత అవసరమో అంతకుమించి హాని చేయకూడదు. పోలీసుల సాయం తీసుకునే వ్యవధి ఉంటే ఈ హక్కే లేదు. దొంగ సంచీ లాక్కుని పారిపోతున్నాడు, వీపు కనబడుతోంది, కాల్చారు. అప్పుడు ప్రాణభయం ఏదని కోర్టు అడుగుతుంది. ఒకటిన్నర సెకనులో మనం చేసిన పనిని నల్లకోట్లవాళ్లు ఏళ్ల తరబడి తీరిగ్గా పరిశీలిస్తారు. అలా పరిశీలించాలి కూడా. అవతల పోయింది మనిషి.

"నేనెవర్నీ ఊరికే కాల్చేవాణ్ని కాదన్నయ్యా" అన్నాడు మా తోడల్లుడు, కాస్త నొచ్చుకుని.

నిజమే. అతను చీమకు కూడా దారి ఇచ్చే మనిషి. కానీ మనిషి రోజంతా ఒకేలా ఉండడు. ఆదిలాబాద్‌లో 2020 డిసెంబరు 18న ఏం జరిగిందో చెప్పాను. తాటిగూడలో పిల్లల క్రికెట్ దగ్గర గొడవ మొదలైంది. ఊళ్లో పేరున్న నాయకుడు, మునిసిపాలిటీకి వైస్ చైర్మన్‌గా చేసిన మనిషి, ఒక చేత్తో కత్తి, ఇంకో చేత్తో రివాల్వరు పట్టుకుని కాల్పులు జరిపాడు. ముగ్గురు గాయపడ్డారు. వారిలో ఒకరు చికిత్స పొందుతూ చనిపోయారు. ఆ రివాల్వరు దొంగతనంగా తెచ్చింది కాదు. లైసెన్సు ఉన్నది. ఎప్పుడో ఎవరో అధికారి ముందు ప్రాణరక్షణ కోసమేనని చెప్పుకుని తీసుకున్నదే. 2022 జనవరిలో కోర్టు అతనికి యావజ్జీవ శిక్ష వేసింది. పిల్లల ఆటలో మాటా మాటా పెరగడం ఏ వీధిలో లేదు? చేతిలో ఏమీ లేకపోతే నాలుగు తిట్లతోనో ఒక చెంపదెబ్బతోనో పోయేది. మనం పిచ్చోడి చేతిలో రాయి అంటాం. కోపం వచ్చిన పది నిమిషాలూ అందరం పిచ్చివాళ్లమే.

ఇదంతా వీధిలో సంగతి. అయితే తుపాకీ ఎక్కువ గంటలు గడిపేది వీధిలో కాదు, ఇంట్లో. రోజులో ఇరవై గంటలు అది బీరువాలోనో, మంచం పక్కనో ఉంటుంది. అందుబాటులో ఉంచితే పిల్లల చేతికందుతుంది. పిల్లలకు అందకుండా గుళ్లు ఒకచోట, తుపాకీ ఒకచోట, రెండిటికీ తాళం వేసి పెడితే దొంగ వచ్చినప్పుడు మనకూ అందదు. ఈ చిక్కుకు లోకంలో ఎవరూ పూర్తి పరిష్కారం కనిపెట్టలేదు. తెలిసినవాళ్లంతా రెండోదే చేయమంటారు, తాళం వేయమంటారు. ఎందుకంటే దొంగ ఎప్పుడో ఒక రాత్రి రావచ్చు, రాకపోవచ్చు. పిల్లలు రోజూ ఇంట్లోనే ఉంటారు.

అమెరికాలో దీని మీద లెక్కలు కట్టారు. 1986లో డాక్టర్ ఆర్థర్ కెల్లర్‌మన్ బృందం వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక జిల్లాలో ఆరేళ్లపాటు ఇళ్లలో తుపాకీ వల్ల జరిగిన మరణాలు పరిశీలించింది. ఇంట్లో ఉన్న తుపాకీతో ఆత్మరక్షణకు జరిగిన ఒక్కో మరణానికి 43 మరణాలు వేరే దారిన జరిగాయి. ఆత్మహత్యలు, ఇంట్లోవాళ్ల మధ్య, తెలిసినవాళ్ల మధ్య హత్యలు, పొరపాట్లు. 2020లో కాలిఫోర్నియాలో రెండు కోట్ల అరవై లక్షల మందిని చూసిన మరో అధ్యయనం వచ్చింది. చేతి తుపాకీ ఉన్న మగవాళ్లు తుపాకీతో ఆత్మహత్య చేసుకోవడం లేనివాళ్లకన్నా ఎనిమిది రెట్లు ఎక్కువ. ఆడవాళ్లలో ముప్పయి అయిదు రెట్లు. అది అమెరికా, మన దేశంలో తుపాకులు అన్ని లేవు కదా అనవచ్చు. నిజమే. కానీ మనసు విరిగిన క్షణం అక్కడా ఇక్కడా ఒకటే. ఆ క్షణం గడిచిపోతే చాలామంది బతుకుతారు. చేతికందినదాన్ని బట్టి ఆ క్షణం గడుస్తుందా లేదా అన్నది తేలుతుంది. ఇంటర్ ఫలితాల వారంలో మన ఇళ్లలో తల్లులు ఎందుకు పిల్లల గది తలుపు గడియ వేయనివ్వరో మనకు ఒకరు చెప్పాలా? పిల్లలే కాదు, ఉద్యోగం పోయిందని ఇంట్లో చెప్పలేక రోజూ ల్యాప్‌టాప్ సంచీ తగిలించుకుని బయటికి వెళ్లే మగవాళ్లు కూడా మన అపార్ట్‌మెంట్లలో ఉన్నారు.

పొరపాట్ల సంగతీ అంతే. 2024 నవంబరులో అమెరికాలో చదువుకుంటున్న ఒక హైదరాబాదు కుర్రాడు కొత్తగా కొన్న తుపాకీ శుభ్రం చేస్తుండగా అది పేలి చనిపోయాడు. ఎవరి మీదా కోపం లేదు, ఎవరూ దాడి చేయలేదు. ఆ తల్లిదండ్రులకు ఇక్కడ ఫోన్ వచ్చింది. ఆ ఫోన్ గురించి తలచుకుంటేనే నాకు మాట రాదు.

అప్పుడు మా తోడల్లుడు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత సూటిగా అడిగాడు. "మరి ఆ మేనేజరు దగ్గర తుపాకీ ఉంటే బతికేవాడేమో కదా?"

న్యాయమైన ప్రశ్న. నిజాయితీగా చెప్పాలంటే, ఉండి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. నాకు తెలిసిందల్లా ఒకటే. వచ్చినవాడు తెలిసినవాడు. ఎప్పుడు, ఎక్కడ అన్నది వాడే నిర్ణయించుకున్నాడు. అలాంటి చోట ఒరలో ఉన్న తుపాకీకి తన వంతు రావడం కష్టం. చందానగర్ దుకాణంలో వచ్చినవాళ్లు ఒక్కరు కాదు, గుంపు. అక్కడ ఇటునుంచి కూడా తుపాకీ తీసి ఉంటే కాలికి తగిలిన గుండుతో ఆగేదా? అద్దాల బల్లల మధ్య పనిచేసే పిల్లలు ఎంతమంది ఉన్నారో!

అలాగని ఎవరికీ వద్దనడం లేదు. సాక్ష్యం చెప్పినందుకు బెదిరింపులు వస్తున్నవాళ్లు, పోలీసులే ముప్పుందని తేల్చినవాళ్లు, ఊరికి దూరంగా ఒంటరిగా ఉండేవాళ్లు ఉంటారు. చట్టం వాళ్లకోసమే దారి ఉంచింది. వాళ్లు తీసుకుంటే పద్ధతిగా తీసుకోవాలి. చేతికి ఇమిడే సాదా రివాల్వరు, గోడకు బిగించిన ఇనప్పెట్టె, గుళ్లకు వేరే తాళం, నెలకోసారి రేంజి. ఇందులో ఒక్కటి చేయలేమనుకున్నా మొత్తం మానుకోవడమే మంచిది. తాళం వేసి గొళ్లెం మరిచినట్టు సగం జాగ్రత్త ఇక్కడ పనికిరాదు.

మా తోడల్లుడి అవసరం వేరు. అతని ప్రాణం మీద ఎవరికీ పగలేదు. అతని సంచీ మీద కన్నుంది, అంతే. అయితే సంచీ సంగతి చూడాలి. రాత్రి డబ్బు మోయడం మానేసి పగలు రెండుసార్లు బ్యాంకులో వేయించవచ్చు. వసూళ్లు సగం ఫోన్ల మీదే జరుగుతున్నాయి, మిగతా సగం కూడా అటు మళ్లించవచ్చు. ఒక్కడే షట్టరు దించకుండా పక్క కొట్లవాళ్లతో కలిసి ఒకే వేళకు మూసుకోవచ్చు. కెమెరా రికార్డింగు పెట్టె దొంగలకు కనిపించే కౌంటరు కింద కాకుండా వేరే గదిలో పెట్టవచ్చు. కుర్రాళ్లకు ఒక మాట గట్టిగా చెప్పాలి: ఎవరైనా తుపాకీ చూపించి తాళాలు అడిగితే ఇచ్చేయండి, సరుకుకి ఇన్సూరెన్సు ఉంది, మీకు లేదు. వాళ్లు బయటికెళ్లగానే 112కి ఫోన్ చేయండి. ఇవేవీ సినిమాలో బాగుండవు. కానీ దుకాణం సినిమా కాదు.

"పనివాళ్లకు తాళాలిచ్చేయమని చెప్పమంటావా?" అన్నాడు, నగల వ్యాపారి నోట ఆ మాట ఎంత కష్టంగా రావాలో అంత కష్టంగా.

"నీ కొడుకే కౌంటర్లో ఉంటే ఏం చెబుతావు?" అన్నాను.

జవాబివ్వలేదు. వాళ్లబ్బాయి ఈ ఏడు ఇంటర్ రెండో సంవత్సరం. ఆ వేళ మా బాల్కనీలో కూర్చుని, చెవుల్లో ఏవో పెట్టుకుని, ఫిజిక్స్ పుస్తకం తిరగేస్తున్నాడు. రెండుసార్లు టిఫిన్‌కి పిలిచినా రాలేదు. మార్కులు తగ్గాయని నెల రోజులుగా ఇలాగే ఉన్నాడని మా ఆవిడ అంతకుముందే నా చెవిన వేసింది.

ఇంతసేపూ వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్న మా మరదలు అప్పుడు మాట్లాడింది. మొగుణ్ని కాదు, నన్నే అడిగింది.

"బావగారూ, కొనుక్కోమనండి, నేను వద్దనను. ఆయన భయం నేను రోజూ చూస్తూనే ఉన్నాను. తొమ్మిదిన్నర దాటి ఫోన్ ఎత్తకపోతే నాకూ అన్నం దిగదు. కానీ ఒక్కటి చెప్పమనండి. ఆ పెట్టె తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది? ఆయన జేబులో ఉంటే స్నానానికి వెళ్లినప్పుడు చొక్కా మంచం మీదే ఉంటుంది. నా దగ్గరుంటే అది ఎక్కడ పెడతానో పిల్లలిద్దరికీ తెలుసు. ఇరవై ఏళ్లుగా మా ఇంట్లో పిల్లలకి తెలియని చోటంటూ లేదు."

నేను మా తోడల్లుడి వైపు చూశాను. అతను బాల్కనీ వైపు చూస్తున్నాడు.

దరఖాస్తు కాగితం అతని చొక్కా జేబులో ఉందని తర్వాత తెలిసింది. చించలేదు, నింపనూలేదు. ఇంటికి వెళ్లేముందు బాల్కనీలోకి వెళ్లి కొడుకు పక్కన కూర్చున్నాడు. ఏం మాట్లాడుకున్నారో తెలియదు కానీ కాసేపటికి కుర్రాడు చెవుల్లోవి తీసేశాడు. మా మరదలు మళ్లీ పెనం పెట్టింది.

నాలుగు రోజుల తర్వాత అతను ఫోన్ చేశాడు. వరసలోని ఏడు కొట్లవాళ్లూ ఇక తొమ్మిదికే, అందరూ కలిసి, షట్టర్లు దించాలని మాట్లాడుకున్నారట. రివాల్వరు సంగతి నేనూ అడగలేదు, అతనూ చెప్పలేదు.